లేని దోషమునకు శాంతి: బూటకపు సాంకేతిక సహాయముపై ఒక సమీక్ష

మోసములలో స్థూలముగా రెండు తెగలు గలవు. మనకు లేనిదానిని ఇప్పింతుమని ఆశ చూపి దోచుకొనునది ఒకటి. మనకున్నదానికి ముప్పు వాటిల్లినదని భయపెట్టి, ఆ ముప్పును తొలగించు ఉపకారులవలె దరిజేరి దోచుకొనునది రెండవది. లాటరీ తగిలినదని వచ్చు సందేశము మొదటి తెగకు చెందగా, "మీ కంప్యూటరులో వైరసు చేరినది, మేము బాగుచేసెదము" అని వచ్చు ఫోను రెండవ తెగకు చెందును. లాటరీకి లోబడినవానిని లోకము దురాశాపరుడని నిందించి ఊరకుండును. కాని ఈ రెండవ తెగ మోసమునకు చిక్కినవానియందు వెదకినను దురాశ కనబడదు. తన వస్తువు చెడిపోకుండ, తన బ్యాంకు ఖాతా పరులపాలు గాకుండ కాపాడుకొనవలెనను శ్రద్ధయే వానిని ముంచినది. కావుననే "అప్రమత్తులై యుండుడు" అని పత్రికలును పోలీసులును పదే పదే చేయు హితబోధ ఈ విషయమున అంతగా ఫలించుట లేదు. అప్రమత్తతనే పెట్టుబడిగా చేసికొని వర్తకము సాగించువానియెడ అప్రమత్తత యొక్కటే రక్షణ కాజాలదు. ఈ మోసము ఎట్లు పుట్టినదో, ఏయే రూపములు దాల్చి ఎవరిని పట్టుచున్నదో, దానిని గుర్తించుటకు నిజముగా పనికివచ్చు లక్షణమేదో ఇచ్చట విచారింతము.

ఈ వర్తకము ఇంచుమించు 2008 ప్రాంతమున రూపుదిద్దుకొనినది. బ్రిటను, ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాలలోని గృహస్థులకు పగటివేళ, ఇంటిలో పెద్దవారు ఒంటరిగా ఉండు సమయమున, ఒక ఫోను వచ్చెడిది. తాను విండోస్ సాంకేతిక విభాగమువాడననియు, మీ కంప్యూటరునుండి తప్పుడు సంకేతములు తమ కార్యాలయమునకు చేరుచున్నవనియు, ఆలస్యము చేసినచో యంత్రము పనిచేయుట మానుననియు అవతలివాడు వినయముగా విన్నవించుకొనెడివాడు. ఆ పిలుపులలో పెక్కు మన దేశమునుండియే, ముఖ్యముగా కలకత్తా, ఢిల్లీ పరిసరములనుండి, వెళ్ళుచుండెనని ఒప్పుకొనక తప్పదు. కారణములు గూఢములు కావు. 1990 దశకము చివరినుండి విదేశ సంస్థల నిజమైన సహాయకేంద్రములు మన నగరములకు తరలివచ్చినవి. ఆంగ్లమును విదేశీయుల యాసలో పలుకుట, కోపించిన వినియోగదారుని శాంతపరచుట, ఎదుట వ్రాసియున్న పాఠమును తడబడక ఒప్పగించుట అను విద్యలను వేలకొలది యువకులు ఆ కేంద్రములలో అభ్యసించిరి. ఇంటర్నెట్టు ద్వారా ఖండాంతరములకు మాట్లాడుటకగు ఖర్చు దాదాపు శూన్యమైనది. నిజమైన సహాయమునకై ఏర్పడిన సమస్త సామగ్రియు బూటకపు సహాయమునకు యథాతథముగా పనికివచ్చినది. 2012 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆస్ట్రేలియా, కెనడా దేశముల నియంత్రణ సంస్థల సహకారముతో, ఒక్కమారుగా ఆరు వ్యాజ్యములు ప్రకటించుటతో ఈ విషయము లోకమునకు బాగుగా తెలియవచ్చెను.

వారు చేయు పని ఎట్టిదో దగ్గరనుండి పరికింపవలెను. ఏలయన ఈ మోసము యొక్క కిటుకంతయు అందే ఉన్నది. ఫోను చేసినవాడు మొదట ఏమియు అమ్మడు. మీచేతనే మీ కంప్యూటరును పరీక్ష చేయించును. కీబోర్డుపై విండోస్ గుర్తుగల మీటను, ఆర్ అను మీటను కలిపి నొక్కుమని, వచ్చిన చిన్న గడిలో అతడు ఒక్కొక్క అక్షరమే చెప్పినది టైపు చేయుమని కోరును. ఈవెంట్ వ్యూయర్ అను తెర తెరచుకొనును. అది యంత్రము తన దినచర్యను తానే వ్రాసికొను చిట్టా. ప్రింటరు పలుకకపోయినను, ఒక ప్రోగ్రాము ఆలస్యముగా మొదలైనను, ఇంటర్నెట్టు అరక్షణము తెగినను అందొక పద్దు పడును. నిక్షేపముగా పనిచేయు కంప్యూటరులో సైతము పసుపుపచ్చని హెచ్చరికలు, ఎఱ్ఱని దోషచిహ్నములు వందలుగా ఉండును. వానిని ఎన్నడును చూచియుండని గృహస్థు ఆ ఎఱ్ఱని వరుసలను చూచి నివ్వెరపోవును. "ఎన్ని ఉన్నవో లెక్కించి చెప్పగలరా?" అని అవతలివాడు జాలిగొలుపు కంఠముతో అడుగును. లెక్కించువాడు తానే, భయపడువాడు తానే. మోసగాడు అంతవరకు ఒక్క అబద్ధమైనను చూపలేదు.

ఇంతకంటె చమత్కారమైనది మరియొకటి కలదు. ఫోను చేసినవాడు నిజముగా మైక్రోసాఫ్టువాడేనా యని శంకించినవారికి వాడు ఒక నిదర్శనము చూపును. కమాండ్ ప్రాంప్టు అను నల్లని తెర తెరపించి, అసోక్ అను ఆజ్ఞ టైపు చేయించి, చిట్టచివర కనబడు పొడవైన సంకేతసంఖ్యను తాను ముందుగానే చదివి వినిపించును: "ట్రిపుల్ ఎయిట్, డి, సి, ఏ, సిక్స్, జీరో" అని. అది ఆ కంప్యూటరునకు మాత్రమే చెందిన లైసెన్సు సంఖ్యయనియు, తమ కార్యాలయపు పట్టికలో ఉన్నందుననే తనకు తెలిసినదనియు నమ్మించును. యథార్థమేమనగా, ఆ సంఖ్య విండోస్ గల ప్రతి యంత్రమునందును అదే. లోకములో ఎవరి కంప్యూటరు తెరచినను అక్షరము మారదు. అట్లే నెట్‌స్టాట్ అను మరియొక ఆజ్ఞ ఇప్పించి, అందు విదేశీ చిరునామాలు అను శీర్షిక క్రింద వచ్చిన వరుసను చూపి, అవన్నియు మీ యంత్రములో చొరబడిన విదేశీ దొంగల జాడలని చెప్పును. ఆ శీర్షికకు అవతలి కంప్యూటరు అని తప్ప వేరు అర్థము లేదు, మనము చూచుచున్న వార్తాపత్రిక వెబ్‌సైటు సైతము అందులోనే ఉండును. జాతకచక్రములో ఉన్న గ్రహములనే చూపి, అవి ఉన్నచోటనే ఉన్నవని నిజమే చెప్పి, ఆ నిజమునకు సర్పదోషమని పేరుపెట్టి శాంతికి సంభారములు వ్రాసియిచ్చు కుహనా జ్యోతిష్కుని పద్ధతియే ఇది. చూపినదంతయు సత్యము, చెప్పిన తాత్పర్యము మాత్రమే అసత్యము. కావుననే చూపినదానిని పరీక్షించి మోసమును కనిపెట్టుదమనుకొనువాడు ఓడిపోవుచున్నాడు.

దోషము నిర్ణయమైన పిమ్మట శాంతి మొదలగును. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, లాగ్‌మీఇన్ మొదలగు దూరనియంత్రణ సాధనములలో ఒకదానిని దించుకొమ్మందురు. అవి సక్రమమైన సాధనములే. కార్యాలయములలో నిత్యము వాడుకలో నున్నవే. అందుచేత యాంటీవైరసు వానిని అడ్డగింపదు. తెరపై బాణము తనంత తాను కదలనారంభించినది మొదలు ఆ యంత్రమునకు యజమాని మారినాడు. అవతలివాడు నాలుగు కిటికీలు తెరచి, మూసి, ఏదో శుభ్రపరచినట్లు నటించి, ఏడాదికింత, జీవితకాలమునకింత అని రుసుము చెప్పును. ఇచ్చుటకు నిరాకరించినవారిపై కక్షతో, విండోస్ పాత సంపుటములలోని సిస్‌కీ అను సౌకర్యమును ప్రయోగించి యంత్రమునకు తాళము వేసి పోయినవారును కలరు. 2017లో మైక్రోసాఫ్టు ఆ సౌకర్యమునే తొలగించినది.

ఇంటింటికి ఫోను చేయుట శ్రమతో కూడిన పని. పదిమందిలో తొమ్మండుగురు తిట్టి పెట్టివేయుదురు. కావున క్రమముగా పద్ధతి తలక్రిందులై, బాధితుడే మోసగానికి ఫోను చేయు ఏర్పాటు వచ్చినది. ఏదో వెబ్‌సైటు చూచుచుండగా, లేక ఒక పేరును తప్పుగా టైపు చేయగా, తెర నిండ నీలిరంగో ఎఱ్ఱరంగో అలముకొని, గంట మ్రోగి, "మీ కంప్యూటరు స్తంభింపజేయబడినది, ఆపివేయకుడు, ఈ నంబరుకు వెంటనే ఫోను చేయుడు" అని ఒక స్త్రీకంఠము పలుకును. బాణము కదలదు, లేక కదలినట్లు కనబడు బాణము బొమ్మ మాత్రమే. ఇదంతయు వట్టి వెబ్‌పేజీ. ఎస్కేప్ మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టినచో నిండుతెర వీడును. అప్పటికిని వీడనిచో కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజరు తెరచి, బ్రౌజరును మూసివేయవలెను. మరల తెరచునపుడు పాత పేజీలను తిరిగి తెమ్మందువా యని అది అడిగినచో వలదనవలెను. ఏమియు తోచనివారు కరెంటు మీట కట్టివేసినను నష్టము లేదు. మైక్రోసాఫ్టు తాను ఇచ్చు దోషసూచనలలో ఎన్నడును ఫోను నంబరు ఉండదని స్పష్టముగా ప్రకటించియున్నది. తెరపై హెచ్చరికయు, దాని క్రింద ఫోను నంబరును ఒకేచోట కనబడినచో ఇక విచారణ అనావశ్యకము.

న్యూయార్కు రాష్ట్రములోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొందరు ఇట్టి పేజీలను వెదకి పట్టు యంత్రమునొకదానిని నిర్మించి, 2017లో ఆ ఫలితములను ప్రకటించిరి. వారు పనిగట్టుకొని 60 మంది మోసగాండ్లకు ఫోను చేసి, ఏమియు తెలియనివారివలె నటించి, వారు చేయునదంతయు నమోదు చేసిరి. ఆ మోసగాండ్లు అడిగిన రుసుము సగటున 290 డాలర్లు. దూరనియంత్రణ సాధనముల జాడలనుబట్టి చూడగా వారిలో నూటికి 85 మందికి పైగా భారతదేశమునుండి మాట్లాడుచున్నవారే. అందరును ఇంచుమించు ఒకే పాఠము చదివిరి. ఆ పాఠము ఇన్ని సంవత్సరములైనను మారకపోవుటకు కారణము అది ఇంకను పనిచేయుచుండుటయే.

ఇట్టి పాఠము అంత మోటుగా ఏల ఉండును, తెలివిగలవారు విన్నంతనే నవ్వునట్లు ఏల ఉండును అని కొందరికి సందేహము కలుగును. మైక్రోసాఫ్టు పరిశోధనశాలకు చెందిన కార్మాక్ హెర్లీ 2012లో ఇంకొక జాతి మోసములను గూర్చి వ్రాసిన పత్రములో దీనికి సమాధానము కలదు. మోసగానికి ఖర్చయ్యెడి ధనము మాట్లాడు సమయమే. గంటసేపు మాట్లాడి చివర అనుమానించి తప్పుకొనువాడు వానికి నష్టము. కావున మోటుగా ఉన్న మాటయే వానికి జల్లెడ. శంకించువారు మొదటనే రాలిపోవుదురు, మిగిలినవారితోనే పని. మనము ఒక మోసపు పిలుపును విని ఇది ఎంత తెలివితక్కువగా ఉన్నదని నవ్వుకొనినప్పుడు, అది మనకొరకు వ్రాయబడినది కాదని మాత్రమే దాని భావము. మనకొరకు వ్రాయబడునది వేరుగా ఉండవచ్చును.

వేరుగా ఉన్నదని చెప్పుటకు నిదర్శనమును లేకపోలేదు. జిమ్ బ్రౌనింగ్ అను మారుపేరుతో ఒక బ్రిటిషు సాంకేతికజ్ఞుడు మోసగాండ్ల కంప్యూటర్లలోనికే తిరిగి చొరబడి, వారి కార్యాలయములోని కెమెరాలను సైతము వశపరచుకొని, గురుగ్రామ్‌లోని యొక కేంద్రములో జరుగునదంతయు చిత్రించెను. 2020 మార్చిలో బీబీసీ ఆ దృశ్యములను ప్రసారము చేసినది. ఈ విద్యలో అంతకంటె ఆరితేరినవాడు మరియొకడు ఉండడని ఎవరైనను అందురు. అయినను 2021 జూలైలో యూట్యూబు సహాయ విభాగమువారమని నమ్మబలికినవారి మాటలు విని, ఆయన తన ఛానలును తన చేతులారా తొలగించుకొనెను. ఆ సంగతిని ఆయనయే బహిరంగముగా చెప్పుకొనెను.

కావున ఇది కంప్యూటరు తెలియని వృద్ధుల సమస్యయను అభిప్రాయమును సవరించుకొనవలసియున్నది. 2021లో మైక్రోసాఫ్టు 16 దేశములలో జరిపించిన సర్వేలో ప్రతి ఐదుగురిలో ముగ్గురు ఇట్టి మోసపు ప్రయత్నమును ఎదుర్కొనియుండగా, భారతదేశములో నూటికి 69 మంది ఎదుర్కొనిరి. మన దేశములో మోసగానితో సంభాషణ సాగించి సొమ్ము పోగొట్టుకొనినవారిలో 24 మొదలు 37 ఏండ్ల వయస్సువారు ముందున్నారు. అరకొర జ్ఞానము ఇచ్చట అజ్ఞానముకంటె ప్రమాదకరము. ఈవెంట్ వ్యూయర్ అను పేరు విని, అది నిజముగా విండోస్ భాగమేనని తెలిసినవాడు, అందు కనబడినదంతయు నిజమని ఒక అడుగు ముందుకు వేయును. అయితే పోయిన సొమ్ము పరిమాణము చూచినచో భారము పెద్దలపైననే పడుచున్నది. అమెరికా ఎఫ్‌బీఐ వారి ఫిర్యాదుల కేంద్రపు లెక్కలనుబట్టి సాంకేతిక సహాయపు మోసములలో 2023లో 92 కోట్ల డాలర్లు, 2024లో 146 కోట్ల డాలర్లు పోయినవి. అందు సగమునకు పైగా 60 ఏండ్లు దాటినవారివే. యువకుని ఖాతాలో నెలజీతముండును, వృద్ధుని ఖాతాలో జీవితమంతటి కూడబెట్టుడు ఉండును.

ఆ కూడబెట్టుడుకై పుట్టినదే తిరుగుచెల్లింపు మోసము. వెనుక మీరు సాంకేతిక సేవకై కట్టిన సొమ్మును, మా సంస్థ మూతపడుచున్నందున, తిరిగి ఇచ్చుచున్నామని ఫోను వచ్చును. ఇచ్చువాడు వచ్చినాడు గదా యని వృద్ధుడు తలుపు తెరచును. అనగా దూరనియంత్రణకు సమ్మతించి, వాని యెదుటనే బ్యాంకు ఖాతా తెరచును. అప్పుడు మోసగాడు తెరను ఒక క్షణము నల్లగా చేసి, బ్రౌజరులోనే ఉన్న ఒక సాధనముతో ఆ పేజీలోని అంకెలను దిద్దును. బ్యాంకులో ఏమియు మారలేదు, ఈ తెరపై కనబడు అక్షరములు మాత్రమే మారినవి. 300 డాలర్లు రావలసినచోట 30,000 వచ్చినట్లు కనబడును. "అయ్యో, సున్నాలు ఎక్కువ పడినవి, నా ఉద్యోగము పోవును, పిల్లలుగలవాడను" అని వాడు ఏడ్చును. ధర్మాత్ముడైన ఆ వృద్ధుడు ఎక్కువ వచ్చినదనుకొన్న సొమ్మును తిరిగి ఇచ్చుటకు, వాడు చెప్పిన దుకాణమునకు పోయి గిఫ్టు కార్డులు కొని వాని వెనుకనున్న సంకేతములను ఫోనులో చదివి వినిపించును. లేదా నగదును పత్రికల పుటలలో చుట్టి పార్సెలు పంపును. వీనిని మించి, సాంకేతిక సహాయకుడు ఒకడు, బ్యాంకు అధికారి ఒకడు, ప్రభుత్వోద్యోగి ఒకడు అని ముగ్గురు వేషధారులు వరుసగా మాట్లాడి, ఉన్న సొమ్మంతయు భద్రమైన ఖాతాకు మార్పించు పద్ధతిని గూర్చి ఎఫ్‌బీఐ 2023లో హెచ్చరించినది. తరువాత 2024 జనవరిలో, నగదును, బంగారమును ఇంటి గుమ్మమునకే వచ్చి తీసికొనిపోవు మనుష్యులను పంపుచున్నారని మరియొక హెచ్చరిక చేసినది.

ఇందు మన కుటుంబములకు తగులు విషయమొకటి కలదు. ఆ గుమ్మమునకు వచ్చి పట్టుబడినవారిలో అమెరికాకు చదువుకొనుటకు పోయిన భారతీయ విద్యార్థులు కొందరున్నారు. ఒక పొట్లమును ఒకచోట తీసికొని మరియొకచోట అప్పగించినచో ఇన్ని డాలర్లని ఎవరో చెప్పగా ఒప్పుకొని, అందేమున్నదో తెలియదని చెప్పినను చెల్లక, కారాగారమునకు పోయినవారు గలరు. కొడుకును విదేశమునకు పంపు తల్లిదండ్రులు చలికోటు, ఊరగాయలతోపాటు ఈ మాటకూడ చెప్పి పంపవలెను.

మోసగాండ్లు చీకటిగదులలోనివారు మాత్రమే అనుకొనుట పొరపాటు. అమెరికాలో ఊరూర దుకాణములుగల ఆఫీస్ డిపో సంస్థ, సపోర్ట్ డాట్ కామ్ అను సంస్థ తయారుచేసిన సాధనముతో, కంప్యూటరు ఆరోగ్యపరీక్షను ఉచితముగా చేయుచుండెడిది. పరీక్షకు ముందు ఉద్యోగి నాలుగు ప్రశ్నలు వేయును: యంత్రము నెమ్మదించినదా, వైరసు హెచ్చరికలు వచ్చుచున్నవా, తరచు ఆగిపోవుచున్నదా, ప్రకటనలు ఎక్కువగా వచ్చుచున్నవా యని. నాలుగింటిలో ఏ ఒక్కదానికి ఔనన్నను, పరీక్షలో ఏమి తేలినను తేలకపోయినను, చివర వైరసు లక్షణములు కనబడినవని ఫలితము వచ్చును. వినియోగదారుడు తన నోట చెప్పిన అనుమానమే ముద్రవేయించుకొని నిర్ధారణగా తిరిగివచ్చినదన్న మాట; దానిపై వందల డాలర్ల మరమ్మత్తు. 2019లో ఆ రెండు సంస్థలు కలిసి మూడున్నర కోట్ల డాలర్లు చెల్లించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడినవి. కలకత్తాలోని నల్లని తెరకును, ఈ వెలుగుగల దుకాణమునకును నడుమ దూరము నేననుకొన్నంత లేదు.

మన దేశములో ఈ మోసము కంప్యూటరునుండి ఫోనులోనికి దిగినది; రూపమును కొంత మార్చుకొనినది. ఇచ్చట పెక్కుమారులు విండోస్ విభాగమువారమని చెప్పుటయు ఉండదు. మనమే గ్యాసు ఏజెన్సీకో, కొరియరునకో, బ్యాంకునకో కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్టులో వెదకుదుము. వెదకగా మొదట వచ్చిన నంబరు మోసగాడు నాటినది. హైదరాబాదులోనైనను, రాజమహేంద్రవరములోనైనను ఆ సంభాషణ ఇంచుమించు ఇట్లు సాగును.

"అమ్మా, మీ రీఫండ్ ఇప్పుడే వేసేస్తాను. ఫోన్‌లో చిన్న సపోర్ట్ యాప్ ఒకటి దించుకోండి. పైన తొమ్మిది అంకెలు కనబడతాయి, అవి చెప్తే చాలు."

"ఓటీపీ అడుగుతావా బాబూ? అది ఎవరికీ చెప్పకూడదంటారు కదా."

"అయ్యో, చెప్పకండమ్మా! ఎవరడిగినా చెప్పకండి. నాకు కూడా చెప్పొద్దు."

ఆమెకు నమ్మిక కుదురును. ఓటీపీ అడుగనివాడు దొంగ యెట్లగును? కాని ఆ తొమ్మిది అంకెలు చెప్పినంతనే ఆమె తెర వాని తెరయైనది. వచ్చిన ఓటీపీని వాడు ఆమెకంటె ముందుగా చదువుకొనును. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఈ పద్ధతిని గూర్చియే, ఎనీడెస్క్ పేరును ప్రస్తావించి, బ్యాంకులను హెచ్చరించినది. ప్రభుత్వమును బ్యాంకులును ఓటీపీ చెప్పవద్దని పది సంవత్సరములుగా చాటిన చాటింపును మోసగాడు తన పాఠములో ఒక వాక్యముగా చేర్చుకొనినాడు. ఒకే విషయమును మంత్రమువలె వల్లించు ప్రచారమునకు ఇదియే గతి. ఇంకను ట్రాఫిక్ చలానాయనియో, కిసాన్ పథకమనియో వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైళ్ళు, అనగా ఫోనులో యాప్‌లను నెలకొల్పు ఫైళ్ళు, ఈ కుటుంబములోనివే. వానిని నొక్కి నెలకొల్పినచో సంభాషణ సైతము అక్కరలేకయే ఫోను పరహస్తగతమగును.

మరి గుర్తించుట ఎట్లు? సాంకేతిక లక్షణములను చూచి కాదని ఇంతవరకు చెప్పినదానివలన స్పష్టము. యాసను చూచి కాదు, భాషాదోషములను చూచి అసలే కాదు. నేడు యంత్రములే నిర్దుష్టముగా వ్రాసి, మాట్లాడి ఇచ్చుచున్నవి. ఫోనుపై కనబడు నంబరును, పేరును చూచియు కాదు. వానిని మార్చి చూపుట సులభము. గమనింపవలసినది సంభాషణ దిక్కును మాత్రమే. మన యంత్రము చెడినదని మనకంటె ముందు అపరిచితునకు తెలియుట అసంభవము. ఏ సంస్థయు కోట్లకొలది యంత్రములలో మీదానిని కనిపెట్టి, మనిషిచేత ఫోను చేయింపదు. కావున తనంత తాను వచ్చిన సహాయము, అది ఫోనుగా వచ్చినను, తెరపై హెచ్చరికగా వచ్చినను, ఏమియు వినకుండగనే తిరస్కరింపదగినది. మర్యాదకు లోబడి "కొంచెము ఆగుడు, కనుగొందును" అనుటకూడ వలదు. మన పెద్దలకు ఫోను పెట్టివేయుట అమర్యాదగా తోచును, మోసగాడు ఆ మర్యాదనే అరగంటసేపు అద్దెకు తీసికొనును. మనమే వెదకి చేసిన ఫోను విషయములో ఈ దిక్కు సూత్రము చాలదు. అచ్చట నంబరు ఎక్కడనుండి వచ్చినదో చూడవలెను. బ్యాంకు నంబరు కార్డు వెనుకనో పాసుబుక్కుమీదనో ఉండును, గ్యాసు నంబరు రశీదుపై ఉండును. వెదకుడు యంత్రము చూపినది అక్కరలేదు. ఇక చెల్లింపు దగ్గరకు వచ్చిన పిమ్మట సందేహమునకు తావే లేదు. గిఫ్టు కార్డుగా రుసుము గైకొను నిజమైన సంస్థ ఈ లోకములో లేదు. యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను కొట్టవలసిన పని లేదు. "ఈ విషయము ఇంటిలో ఎవ్వరికిని, బ్యాంకు గుమాస్తాకును చెప్పవద్దు" అను మాట వినబడినచో, అంతవరకు వాడు చెప్పినదంతయు ఒక్కసారిగా కొట్టివేయవచ్చును.

అయితే భారమంతయు గృహస్థునిపై మోపుట న్యాయము కాదు. అట్లు మోపిన కాలములో ఈ వర్తకము పెరిగినదేగాని తగ్గలేదు. ద్వారములు మూయగలవారు మూసినప్పుడే ఫలితము కనబడినది. మైక్రోసాఫ్టు తన బింగ్ వెదకుడు యంత్రములో ఇతరుల సాంకేతిక సహాయ ప్రకటనలను 2016లో నిషేధించినది. గూగుల్ 2018లో ఆ దారిని అనుసరించినది. 2025లో ఎడ్జ్, క్రోమ్ బ్రౌజర్లు రెండును తెరను ఆక్రమించు బెదిరింపు పేజీలను తమంత తామే పసిగట్టు ఏర్పాట్లు చేర్చినవి. ఇవి పదేండ్ల క్రిందటనే రావలసినవని నా అభిప్రాయము. పోలీసు చర్యలును సాగుచున్నవి: 2018లో మైక్రోసాఫ్టు ఫిర్యాదుపై గురుగ్రామ్, నోయిడాలలోను, 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర రెండవ విడతగా సీబీఐచేత 76 చోట్లను సోదాలు జరిగినవి. తెలుగునాట సైతము 2025లో హైదరాబాదు మాదాపూరులోను, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురములోను అమెరికనులను లక్ష్యముగా పెట్టుకొనిన కేంద్రములు బయటపడినవి. అట్టి కేంద్రములలో జీతమునకు చేరిన యువకులలో ఈశాన్య రాష్ట్రములవంటి దూరప్రాంతములనుండి వచ్చినవారు పెక్కురు. బాధితుడు ఒక దేశమునను, నేరస్థుడు వేరొక దేశమునను ఉండుటచేత సాక్ష్యము చెప్పువారు రాక అభియోగములు నీరసించుట తరచుగా జరుగుచున్నది; సమాచార సాంకేతిక చట్టము 66డి విభాగము క్రింద కంప్యూటరు సాధనముగా వేషము మార్చి మోసగించినవానికి మూడేండ్ల వరకు శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు మాత్రమే కలవు.

మోసమునకు చిక్కితిమని తెలిసిన పిమ్మట చేయవలసినది శీఘ్రముగా చేయవలెను. మొదట ఆ యంత్రమును ఇంటర్నెట్టునుండి వేరుచేసి, దించుకొనిన సాధనమును తొలగించి, వేరొక ఫోనునుండి బ్యాంకునకు తెలియజేసి, సంకేతపదములను ఆ వేరొక ఫోనునుండియే మార్చుకొనవలెను. మన దేశములో 1930 నంబరుకు ఫోను చేసినను, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేసినను, సొమ్ము చేతులు మారుచున్న ఖాతాలను స్తంభింపజేయుటకు ఏర్పాటున్నది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తర్వు ప్రకారము, ఖాతాదారుని అజాగ్రత్తవలన సొమ్ము పోయినచో, బ్యాంకునకు తెలిపినంతవరకు కలిగిన నష్టము ఖాతాదారునిది, తెలిపిన పిమ్మట కలిగిన నష్టము బ్యాంకుది. కొడుకునకు తెలిసిన నవ్వునేమో, కోడలు ఏమనుకొనునో యని రెండు దినములు దాచిపెట్టిన తండ్రి ఆ రెండు దినముల నష్టమును తానే భరింపవలసివచ్చును. అందుచేత ఇంటిలోనివారు "ఎట్లు నమ్మితివి నాన్నా?" అని అడుగుటకు ముందు "బ్యాంకునకు చెప్పితివా?" అని అడుగవలెను. ఫిర్యాదు చేసిన కొన్ని వారములకు, పోయిన సొమ్ము పట్టుబడినదనియు, కొంత రుసుము కట్టినచో విడుదల చేయింతుమనియు మరియొక ఫోను రావచ్చును. మోసపోయినవారి పట్టికలు చేతులు మారుచుండుట ఈ వర్తకములో వాడుకయే. ఆ నంబరును కూడ అదే ఫిర్యాదునకు జతపరుపవలెను.